పొట్టు వీడని గింజ

రాగిగింజను వేలికొన మీద పెట్టుకుని చూడండి. అడ్డకొలత మిల్లీమీటరున్నర ఉంటుంది, రంగు కాలిన ఇటుకది. మదనపల్లె నుంచి పుంగనూరు, పలమనేరు మీదుగా కుప్పం దాకా మెట్టచేలలో తరతరాలుగా పండుతున్న గింజ ఇది. ముడుచుకున్న వేళ్ళలాంటి కంకిలోంచి రాలినప్పుడు దీనిమీద కాగితంలాంటి పలుచని పొర ఒకటి ఉంటుంది. కళ్ళంలో గుండు తిప్పి, చేటతో చెరిగితే అది గాలికి పోతుంది. దాని కింద ఉన్న ఎర్రటి పొట్టు మాత్రం పోదు. ఈ వ్యాసం ఆ పొట్టు గురించే. ఇసుర్రాయిలో పడింది మొదలు మనిషి పెద్దపేగు చివరికి చేరేదాకా అది ఏమవుతుందో, అక్కడ ఏం పని చేస్తుందో ఒక్కొక్క మెట్టుగా చూద్దాం. పెద్దపేగు క్యాన్సరుకూ తిండికీ ఉన్న సంబంధం అర్థం కావడానికి ఇంతకన్నా దగ్గరి దారి ఈ ప్రాంతంలో లేదు.

వడ్లగింజను దంచితే ఊక వస్తుంది, పాలిష్ పడితే తవుడు వస్తుంది, తెల్లటి బియ్యం మిగులుతుంది. గోధుమను మరపట్టి తవుడు వేరుచేస్తే మైదా వస్తుంది. బియ్యపుగింజ నడిమి భాగం గట్టిది కాబట్టి పైపొరను గీకినా అది నిలుస్తుంది. రాగిలో ఈ లెక్క తిరగబడింది. పైపొట్టు ఐదు వరుసల కణాలతో గింజకు అతుక్కుపోయి ఉంటుంది, లోపలి భాగమేమో మెత్తని పిండి. పొట్టు గీకబోతే గింజే చితికిపోతుంది. మైసూరులోని ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ (సి.ఎఫ్.టి.ఆర్.ఐ.) శాస్త్రవేత్తలు రాగులకు పొట్టు తీయాలనుకున్నప్పుడు ముందు నానబెట్టి, ఆవిరి పట్టి, ఆరబెట్టి, లోపలి పిండిని గట్టిపరచాల్సి వచ్చింది. ఊళ్ళో ఇంత తంతు ఎవరూ పెట్టుకోలేదు. కాబట్టి రాగిని తిన్నవాళ్ళు దాన్ని పొట్టుతోనే తిన్నారు. అది వాళ్ళు ఎంచుకున్న ఆరోగ్యసూత్రం కాదు, గింజ కట్టుబడి వాళ్ళకు పెట్టిన షరతు.

ఆ షరతు విలువ అంకెల్లో తెలుస్తుంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వెలువరించిన ఆహార పట్టికల ప్రకారం 100 గ్రాముల రాగుల్లో పీచు 11 గ్రాములకు పైగా ఉంది. పాలిష్ పట్టిన బియ్యంలో అది 3 గ్రాములకన్నా తక్కువ. రాగుల్లో కాల్షియం 364 మిల్లీగ్రాములు, తిండిగింజలన్నిటిలోకీ ఎక్కువ. పొట్టుకు ఆ ఎర్రరంగునిచ్చే పాలీఫినాల్సు, వగరునిచ్చే టానిన్లు వీటికి అదనం.

ఇక వంట. రాగిపిండితో చేసే సంగటి చూడ్డానికి పిండీ నీళ్ళే, కానీ చెయ్యడం తెలియకపోతే గడ్డలు కడుతుంది. ముందు ఎసరు పెట్టి, బియ్యపు నూకలు పోసి, ఉప్పు వేసి, మెతుకు పూర్తిగా చితికేదాకా ఉడికిస్తారు. పైన తేలిన గంజిలో కొంత గిన్నెలోకి వంచి పక్కన పెట్టుకుంటారు. అప్పుడు రాగిపిండిని నడిమధ్య కుప్పగా పోస్తారు. ఇక్కడే ఉంది కిటుకు: పోసిన వెంటనే కెలకరు. సంగటికట్టెతో కుప్ప నడుమ అడుగుదాకా ఒక బొక్క పొడిచి, మూతపెట్టి, మంట తగ్గించి వదిలేస్తారు.

ఎందుకలా? మరిగే నీళ్ళలో పొడిపిండిని వేసి వెంటనే తిప్పితే ప్రతి పిండి ఉండకూ పైపొర క్షణంలో ఉడికి జిగురు తోలు కడుతుంది. ఆ తోలు దాటి నీరు లోపలికి పోదు. బయట ఉడికి లోపల పచ్చిగా ఉన్న గడ్డ అలా పుడుతుంది. పొడిచిన బొక్కలోంచి ఆవిరి పైకి వస్తూ కుప్పను లోపలినుంచి నెమ్మదిగా తడుపుతుంది. పది నిమిషాల్లో పిండంతా ఒక్క తీరుగా చెమ్మ పట్టి, పచ్చివాసన పోతుంది. అప్పుడు కుండ దించి, గుడ్డతో కదలకుండా పట్టి, కట్టెతో పిండిని కుండ గోడకేసి నొక్కుతూ కెలుకుతారు. గట్టిపడితే దాచిన గంజి కొంచెం కొంచెం కలుపుతారు. దీనికి భుజబలం కావాలి, కన్నుకన్నా చేతికి తెలిసే గుర్తు కావాలి: కట్టె కింద బరువు ఒకేలా తగిలితే గడ్డలు లేవని అర్థం. తడిచేసిన వేలితో తాకితే అంటుకోకూడదు. అంటుకుంటే ఇంకా ఉడకాలి. తర్వాత తడిచేత్తో తీసి, అరచేతుల మధ్య తిప్పి, నునుపైన ముద్ద చేస్తారు. కుప్పం నుంచి కొన్ని మైళ్ళు పోతే ఒకవైపు కన్నడసీమలో ఇదే ముద్దె, మరోవైపు తమిళసీమలో ఇదే కళి. మూడు భాషల్లోనూ తినే పద్ధతి ఒక్కటే: తుంచి, గుంత చేసి, కూరలో ముంచి, నమలకుండా మింగడం.

సంగటి ఒంటరిగా రాదు. చెనిక్కాయల ఊరిబిండి, ఉలవచారు, ఆకుల పులగూర, సంక్రాంతి దినాల్లో అనపగింజల పితికిపప్పు దాని జతగాళ్ళు. రాత్రంతా నానిన అనపగింజను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి పితికితే తోలు చేతిలో మిగిలి, పచ్చటి బద్ద గిన్నెలో దూకుతుంది. ఇక్కడ తోలు పోయినా పప్పులోపల పీచు చాలానే ఉంది. అంటే తృణధాన్యం, పప్పుగింజ, ఆకుకూర అనే మూడు రకాల పీచు ఒక్క తట్టలో కూడుతున్నాయి. మిగిలిన ముద్దలను నీళ్ళలో వేసి, మరునాడు మజ్జిగలో పిసికి, ఉల్లిగడ్డతో తింటే అది సద్ది. వేడికి విచ్చుకున్న పిండిపదార్థపు గొలుసులు చల్లారేకొద్దీ కొంతమేర మళ్ళీ దగ్గరికి జరిగి పేనుకుంటాయి. అలా పేనుకున్న భాగాన్ని మన జీర్ణరసాలు విప్పలేవు. పీచు కాకపోయినా అది పీచులాగే పేగు చివరిదాకా ప్రయాణం చేస్తుంది.

మింగిన ముద్ద కడుపులో కరిగి, ఆరు మీటర్ల చిన్నపేగులో ప్రవేశిస్తుంది. విడివడిన పిండిపదార్థం చక్కెరగా మారి రక్తంలోకి పోతుంది. మాంసకృత్తులు, కొవ్వులు అక్కడే ఇంకుతాయి. చిన్నపేగు చివర ఒక కవాటం ఉంది. దాన్ని దాటి పెద్దపేగులోకి వచ్చేవి మన శరీరం విప్పలేక వదిలేసినవి: ఆ ఎర్రపొట్టు, పప్పుల పీచు, సద్దిలో పేనుకున్న పిండి. ఇంతకాలం వీటిని పిప్పి అనుకున్నాం. తీరా చూస్తే కవాటానికి ఇవతల వీటికోసమే కాచుకున్న కార్ఖానా ఒకటి ఉంది.

పెద్దపేగు మీటరున్నర పొడవు గొట్టం. దాని మొదటి భాగాన్ని సద్దికుండగా ఊహించుకోండి. కుండలో రాత్రికి రాత్రి సంగటిని పులియబెట్టే సూక్ష్మజీవుల్లాంటివే ఇక్కడ లక్షల కోట్లలో ఉన్నాయి. గాలి చొరబడని ఈ చీకట్లో అవి పీచును పులియబెట్టి మూడు చిన్న ఆమ్లాలు తయారుచేస్తాయి: ఎసిటేటు, ప్రొపియొనేటు, బ్యుటిరేటు. మూడోదాన్ని మన ముక్కు ఎరుగును. ముక్కిన వెన్న నుంచి వచ్చే వాసన దీనిదే, దాని పేరు కూడా వెన్న పేరు మీదే పుట్టింది. శరీరంలో ఎక్కువ కణాలు రక్తం తెచ్చే చక్కెర మీద బతుకుతాయి. పెద్దపేగు లోపలి గోడ కణాలు అలా కాదు. తమకు కావలసిన శక్తిలో సుమారు 70 శాతం బ్యుటిరేటు నుంచే తీసుకుంటాయి. మనం తిన్న తిండిలో మనకు అరగని భాగమే ఆ గోడకు అన్నం. అన్నం పెట్టేది సూక్ష్మజీవి. ఆ సూక్ష్మజీవికి తిండి మనం గీకిపారేయకుండా వదిలిన పొట్టు.

ఇప్పుడు గోడను దగ్గరగా చూద్దాం. సూక్ష్మదర్శిని కింద అది చదునుగా ఉండదు. లక్షల సంఖ్యలో, అర మిల్లీమీటరు లోతున సన్నటి గుంటలు. ఒక్కొక్కటీ దిగుడుబావిలా ఉంటుంది. బావి అడుగున కొన్ని మూలకణాలు మాత్రమే ఉండి, ఎడతెరిపి లేకుండా విభజన చెందుతుంటాయి. పుట్టిన పిల్లకణం మెట్టు మెట్టు ఎక్కుతూ పని నేర్చుకుంటుంది. కొన్ని నీటిని పీల్చేవిగా, కొన్ని జిగురు స్రవించేవిగా మారతాయి. నాలుగైదు రోజుల్లో గట్టుమీదికి చేరి, పని ముగించి, రాలిపోతాయి. గోడకు పైన రెండు పొరల జిగురు పూత ఉంటుంది. పైపొరలో సూక్ష్మజీవులు తిరుగుతాయి, లోపలిపొరలోకి దాదాపుగా రావు. మలం రాపిడినీ, విషాలనూ నిత్యం ఎదుర్కొనే గోడకు వారం తిరక్కుండా కొత్త కణాలు తొడిగే ఏర్పాటు ఇది.

అంత వేగంగా కొత్తవి పుట్టేచోట తప్పు దొర్లడానికి అవకాశాలూ ఎక్కువే. కణం విభజన చెందిన ప్రతిసారీ జన్యువుల లిపిని తిరగరాయాలి. చాలా కేసుల్లో మొదట చెడేది ఏపీసీ అనే జన్యువు. అది సరిగా ఉన్నంతవరకు కణానికి ‘చాలు, పైకి ఎక్కు, రాలిపో’ అని చెబుతుంటుంది. అది పాడైతే కణం రాలదు, అక్కడే గుమిగూడుతుంది. గోడమీద పులిపిరిలాంటి పిలక లేస్తుంది. దాన్నే పాలిప్ అంటారు. దానిమీద కేరాస్, తర్వాత పి53 వంటి జన్యువులు ఒకటొకటిగా చెడుతూ పోతే పిలక క్యాన్సరవుతుంది. అమెరికాలో బెర్ట్ వోగెల్‌స్టీన్ బృందం 1980ల చివర ఈ మెట్లను వరుసగా గుర్తించింది. మొదటి మెట్టు నుంచి చివరి మెట్టుకు సాధారణంగా పదేళ్ళు, అంతకు పైనే పడుతుంది. ఇది భయపెట్టే విషయంలా కనబడుతుంది గానీ, నిజానికి మనకు చేజిక్కిన గడువు.

ఈ కథలో నన్ను ఎక్కువ ఆశ్చర్యపరిచింది బ్యుటిరేటు రెండు ముఖాలు. ఆరోగ్యంగా ఉన్న కణం దాన్ని ఇంధనంగా మండించేస్తుంది, కాబట్టి కణం లోపల అది పోగవదు. క్యాన్సరు కణం దారి మార్చుకుని చక్కెరను ఇష్టపడుతుంది. అప్పుడు మండని బ్యుటిరేటు లోపల కుప్పపడి, జన్యువులను చుట్టిపెట్టే యంత్రాంగం మీద పనిచేసి, విభజనకు కళ్ళెం వేస్తుంది, కణాన్ని చావువైపు నెడుతుంది. ప్రయోగశాలలో కణాలమీద చూసిన సంగతి ఇది. మంచి కణానికి అన్నమైన పదార్థమే దారితప్పిన కణానికి అడ్డుకట్ట అవుతోంది.

పీచు చేసే పని ఇంతటితో ఆగదు. నీటిని పట్టి మలానికి పరిమాణం ఇస్తుంది, హానికర పదార్థాలను పలచబరుస్తుంది, గోడకు తగిలే సమయాన్ని తగ్గిస్తుంది. పక్కన కాల్షియం ఇంకో పని చేస్తుంది. కొవ్వు అరగడానికి వచ్చిన పిత్తపు ఆమ్లాలు మిగిలిపోయి పెద్దపేగును ఒరుసుకుపోతాయి. కాల్షియం వాటిని పట్టి కరగని ముద్దగా మారుస్తుంది. బ్రిటన్‌లో 5,42,000 మందికి పైగా స్త్రీల ఆహారాన్ని పరిశీలించి 2025లో ప్రచురించిన అధ్యయనంలో, రోజుకు 300 మిల్లీగ్రాముల కాల్షియం అదనంగా తీసుకునేవాళ్ళలో ఈ క్యాన్సరు ముప్పు 17 శాతం తక్కువగా కనబడింది. అది పెద్ద గ్లాసెడు పాలలో దొరికే మోతాదు. సంగటిలో పిసికిన మజ్జిగ కూడా ఈ కోవలోదే.

గోడను చెరిచే తిండి సంగతి కూడా చెప్పాలి. మాంసానికి ఎర్రరంగునిచ్చే హీమ్ పేగుగోడను రేపుతుంది, నైట్రోసో సమ్మేళనాలు తయారు కావడానికి తోడ్పడుతుంది. మాంసాన్ని మాడేలా కాలిస్తే వేరే హానికర పదార్థాలు పుడతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ తరఫున 2015లో 10 దేశాల నుంచి 22 మంది నిపుణులు కూర్చుని, ఉప్పు, పొగ, రసాయనాలతో నిలవచేసిన మాంసాన్ని క్యాన్సరు కారకమని తేల్చారు. రోజూ 50 గ్రాములు తింటే ముప్పు 18 శాతం పెరుగుతుందని వాళ్ళ లెక్క. మేక, గొర్రె, గొడ్డు, పంది మాంసాలను ‘బహుశా కారకం’ అనే వరుసలో పెట్టారు. సంగటికి జోడీ అయిన నాటుకోడి ఈ రెండు వరుసల్లోనూ లేదు. మద్యం మాత్రం కారకాల వరుసలోనే ఉంది. పొగాకు, ఊబకాయం, కదలకుండా కూర్చోవడం కూడా ముప్పు పెంచేవే.

పీచు గురించిన ఈ అవగాహన మొదలైన చోటుకు మన రాగికి చుట్టరికం ఉంది. ఉగాండాలో చాలాకాలం పనిచేసిన ఐరిష్ శస్త్రవైద్యుడు డెనిస్ బర్కిట్, పెద్దపేగు క్యాన్సరు ఐరోపాలో అంత ఎక్కువగానూ ఆఫ్రికా పల్లెల్లో అంత అరుదుగానూ ఎందుకుందని ఆలోచించి, పీచు తేడాయే కారణమని 1971లో ప్రతిపాదించాడు. రాగికి పుట్టిల్లు ఆ తూర్పు ఆఫ్రికా మెట్టభూములే. ఉగాండాలో నేటికీ రాగిపిండితో ‘కాలో’ అనే ముద్ద చేసుకుంటారు. బర్కిట్ ఊహను తర్వాతివాళ్ళు తూకం వేశారు. ప్రపంచ క్యాన్సర్ పరిశోధన నిధి క్రోడీకరించిన లెక్కలో రోజుకు 90 గ్రాముల పొట్టుతీయని ధాన్యం తినడం 17 శాతం తక్కువ ముప్పుతో ముడిపడింది. 2015లో వెలువడిన ఒక ప్రయోగం మరీ చక్కనిది. పిట్స్‌బర్గ్‌లోని 20 మంది ఆఫ్రికన్ అమెరికన్లకూ, దక్షిణాఫ్రికా పల్లెల్లోని 20 మందికీ రెండు వారాలపాటు తిండి తారుమారు చేశారు. మొక్కజొన్న సంగటి, చిక్కుళ్ళు తిన్న అమెరికన్ల పేగుల్లో బ్యుటిరేటు తయారీ రెండున్నర రెట్లయింది, గోడ వాపు, కణాల అతివిభజన తగ్గాయి. వేపుళ్ళు, మాంసం తిన్న పల్లెవాళ్ళలో సరిగ్గా దీనికి ఎదురు జరిగింది.

కానీ నిజాయితీగల పనివాడు తన పనిలోని బీటలు కూడా చూపించాలి. అమెరికాలో ఒకసారి పాలిప్ తీయించుకున్న రెండువేల మందిలో సగంమందికి నాలుగేళ్ళు పీచెక్కువ, కొవ్వు తక్కువ తిండి పెట్టి చూస్తే, పిలకలు మళ్ళీ రావడంలో తేడా రాలేదని 2000లో తేలింది. వంశపారంపర్యంగా ముప్పున్నవాళ్ళకు అరగని పిండిపదార్థం ఇచ్చిన ఇంకో ప్రయోగంలో పెద్దపేగు క్యాన్సరు తగ్గలేదు, పై జీర్ణమార్గపు క్యాన్సర్లు మాత్రం తగ్గాయి. పదేళ్ళు పట్టే పనిని నాలుగేళ్ళలో కొలవడం కష్టం, నిజమే. అయినా ఇవి నేర్పిన పాఠం ఉంది: తిండి మొదటి నుంచీ కాపలా కాయగలదేమో గానీ, మొదలైపోయిన జబ్బుకు మందు కాదు. క్షయ చరిత్ర కూడా ఈ మాటే చెబుతుంది. మదనపల్లె పక్కన ఆరోగ్యవరంలో 1915లో క్షయ ఆసుపత్రి వెలిసిన కాలంలో విశ్రాంతి, గాలి, బలమైన తిండే చికిత్స. మందులు వచ్చాక, ఇంట్లోనే ఉండి అంతంతమాత్రపు తిండితో మందులు వేసుకున్నవాళ్ళు కూడా ఆసుపత్రిలో ఉన్నవాళ్ళతో సమానంగా కోలుకున్నారని మద్రాసులో జరిగిన ఒక అధ్యయనం 1959లో చూపింది. తిండికి దాని చోటు ఉంది, వైద్యానికి దాని చోటు ఉంది.

1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం పథకం వచ్చినప్పుడు రాయలసీమ పేదింటికి తెల్లన్నం పండగ కాకుండా రోజువారీ తిండి అయింది. ఆకలి తీర్చిన మార్పు అది, తప్పుపట్టే పని లేదు. అయితే ఆ మార్పులో తట్టలోంచి జారిపోయింది ఆ ఎర్రపొట్టు. ఇప్పుడు రాగి తిరిగివస్తోంది గానీ వేషం మార్చుకుని వస్తోంది: మైదా కలిసిన రాగి బిస్కెట్టు, చక్కెర నిండిన రాగిమాల్టు, నున్నగా ఉండాలని సన్న జల్లెడ పట్టిన పిండి. జల్లెడలో మిగిలిన ఆ ఎర్ర నూకే మీరు కొన్న సరుకులో అసలు పనివాడు, దాన్ని పారేయకండి. సంగటిలో బియ్యపు నూకలు తగ్గించి పిండి పెంచండి. పక్కన ఉలవచారో, పప్పో, ఆకుకూరో ఉండనివ్వండి. ఇన్నాళ్ళూ తెల్లన్నమే తిన్నవాళ్ళు మెల్లగా పెంచుకోవాలి, నీళ్ళు తగినన్ని తాగాలి.

ఇక చివరి మాట. మలంలో రక్తం పడితే మొలలే అని మీకు మీరే తీర్పు చెప్పుకోకండి. వారాల తరబడి విరేచనపు తీరు మారినా, కారణం లేకుండా రక్తం తగ్గినా, బరువు తగ్గినా డాక్టరును కలవండి. ఇంట్లో ఎవరికైనా ఈ క్యాన్సరు వచ్చి ఉంటే ఒంట్లో ఏ బాధా లేకపోయినా అడగండి. కొలనోస్కోపీ గొట్టంతో పాలిప్‌ను కనిపెట్టి, అక్కడికక్కడే తుంచేయవచ్చు. తుంచిన పిలక క్యాన్సరు కాలేదు.